ఏడుసార్లు రెండు దెబ్బలు

తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ లిఫ్టులెక్కాను. ఇనుప జాలీ తలుపులవి, అద్దాల గోడలవి, లోపల స్టూలు మీద ఒక మనిషి కునికిపాట్లు పడుతూ మీట తిప్పేవి. ఒక గ్రంథాలయంలో పుస్తకాలకు మాత్రమే లిఫ్టు ఉండేది, మనుషులు మెట్లెక్కాలి. ఆ ఏర్పాటు నాకు న్యాయంగానే కనిపించింది. ఇన్ని ఎక్కినా, వాటి వెనక ఒక మనిషి ఉంటాడనీ, అతనికో ఇల్లు, ఆ ఇంట్లో ఒక బాధ ఉండవచ్చనీ అరవై తొమ్మిదో ఏటి దాకా నాకు తోచలేదు. నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్య ఇరుక్కున్నాక గాని తోచలేదు.

అప్పట్లో నేను ఆరో అంతస్తులో ఒంటిగదిలో ఉండేవాణ్ణి. ఎక్కడా ఏడాదికి మించి ఉండే అలవాటు లేనివాణ్ణి కనుక, సామానంతా పుస్తకాలే. ఒక ఉదయం కిందికి దిగుతుంటే లిఫ్టు చిన్నగా మూలిగి ఆగిపోయింది. గంట నొక్కాను. పావుగంట తర్వాత నెత్తి మీద, అయిదో అంతస్తు తలుపు సందులోంచి ఒక గొంతు దిగివచ్చింది.

"లోపల ఎంతమంది?"

"ఒక్కణ్ణే."

"లావా, సన్నమా?"

"నీకెందుకయ్యా అది?"

"చేత్తో దించాలి సార్. ముందే చెప్తే చేతులు సిద్ధంగా ఉంటాయి."

"సన్నమే. కాకపోతే ఒక సంచీ పుస్తకాలున్నాయి."

"అయితే లావు కిందే లెక్క," అన్నాడు.

లిఫ్టు మేస్త్రితో నా పరిచయం అలా మొదలైంది. యాభై నాలుగేళ్ళ మనిషి, పొట్టి, ముంజేతులు మాత్రం పురితిప్పిన తాళ్ళలా ఉండేవి. జేబులో రెండు పెన్నులు కనిపించేవి. ఒకటి కరెంటు చూసే టెస్టరు, రెండోది రాయని పెన్ను. వెనక జేబులో నూనె మరకల గుడ్డపీలికలు. ఆ వీధిలో పదకొండు భవనాల లిఫ్టులు అతని చేతికిందే ఉండేవి. వాటిని మనుషుల్లాగే చెప్పుకొచ్చేవాడు. "మీది ముసలిది సార్, మోకాళ్ళ నొప్పులు. ఎదురు భవనంలోది వయసులో ఉంది గాని ఒట్టి పొగరుబోతు." నాలుగో అంతస్తులో ఉండే టీచరమ్మ అతన్ని చూడగానే అందుకునేది.

"నువ్వొచ్చి వెళ్ళాకే ఇది పాడవుతుందయ్యా."

"డాక్టరొచ్చి వెళ్ళాకే కదమ్మా జబ్బు పేరు తెలిసేది."

అతనిలో ఒక అలవాటు నన్ను ఆకట్టుకుంది. ఏ భవనానికి వెళ్ళినా ముందు లిఫ్టు తలుపు పక్కన గోడకు అరచెయ్యి ఆనించేవాడు. జ్వరం చూసే తల్లిలా కాసేపు అలా నిలబడి, ఆ తర్వాతే పనిముట్ల పెట్టె తెరిచేవాడు. మధ్యాహ్నం పన్నెండు కాగానే మిద్దె మీద మోటరు గది మెట్ల మీద కూర్చుని అన్నం డబ్బా విప్పేవాడు. నా గది ఆ మెట్ల కిందే. నేను టీ పోసిచ్చేవాణ్ణి, అతను పుస్తకాల వంక చూసి "ఇవన్నీ చదివేశారా, ఇంకా ఉన్నాయా?" అనేవాడు. ఇంకా ఉన్నాయంటే జాలిపడేవాడు.

ఇంకో అలవాటు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. భవనం కింద జిరాక్సు దుకాణంలో రోజూ పాటలు పెట్టేవారు. వాటిలో ఒక రాక్ పాట వచ్చిందంటే మేస్త్రి చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి షాఫ్టులోకి దిగి తలుపు మూసుకునేవాడు. లిఫ్టు ఎక్కి దిగే ఆ నిలువు చీకటి బావిలో అయిదు నిమిషాలుండి, పాటైపోయాక బయటికొచ్చేవాడు. ఆ పాట నాకూ తెలుసు, ఆ రోజుల్లో తెలియనివాళ్ళెవరు? దాన్ని రాసి పాడిన గాయకుడు అప్పటికి పదినెలల కిందటే ముప్ఫై ఆరేళ్ళకు చనిపోయాడు. గిటార్ల హోరు మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు, రెండు దెబ్బలు. మళ్ళీ హోరు. మళ్ళీ రెండు దెబ్బలు. మాటలు చాలా తక్కువ.

*రెండు కొట్టాను, దించమన్నాను.
చీకటి కదలలేదు.
పైన హోరు, నీకెలా వినబడుతుంది?
మళ్ళీ కొడతాను.
నువ్వున్నావు. పైనే ఉన్నావు.*

అంతే, ఇదే తిరిగి తిరిగి వస్తుంది. జిరాక్సు దుకాణంవాడి చొక్కా మీద చివరి పాదం అచ్చయి ఉండేది. ఒక పత్రికలో దీని మీద మూడు పేజీల వ్యాసం వచ్చింది. చీకటి అంటే బతుకట, పైనున్నది దేవుడట. ఇంకొకాయన పైనున్నది అధికారమన్నాడు. దెబ్బలు పాట మొత్తంలో ఏడుసార్లు వస్తాయి కనుక ఏడు లోకాలన్నారు, ఏడు స్వరాలన్నారు, వారంలో ఏడు రోజులని ఒక కాలేజీ పిల్ల రాసింది. వ్యాఖ్యాతల సంగతి నాకు బాగా తెలుసు, నేనూ ఆ కులంవాణ్ణే. ఖాళీ గది కనబడితే చాలు, సామాను దింపేస్తాం.

ఒక మధ్యాహ్నం మేస్త్రి డబ్బా విప్పకుండా నా గదిలోకొచ్చి ఒక కవరు ఇచ్చాడు. లోపల ఆహ్వానం. గాయకుడి తొలి వర్ధంతి సభ, మూడు వారాల్లో. 'పాట అర్థం గురించి అయిదు నిమిషాలు, గాయకుడి అన్నగారు.'

"అన్నగారెవరు?" అన్నాను.

"నేనే సార్."

టీ గ్లాసు కింద పెట్టి ఆహ్వానం మళ్ళీ చదివాను.

"చిన్నోడు నా తమ్ముడు. నేను పెంచినవాడే. అయిదు నిమిషాలు మాట్లాడమంటున్నారు. నాకు మాటలు రావు, మీరు చదువుకున్నవారు. నాకో సంగతి తేల్చి చెప్పండి. ఆ పాటలో ఆ ముక్క ఉంది చూశారా, పైన హోరు, నీకెలా వినబడుతుంది అని. అది తిట్టా, కాదా?"

అతను కోరుకునే జవాబు నాకు తెలుసనుకున్నాను. చనిపోయిన తమ్ముడు ఎవరినీ తిట్టలేదనే మాట ఏ అన్నకైనా ఓదార్పే కదా. అందుకని పెద్దగొంతు పెట్టుకుని చెప్పాను. కవి ఇంట్లో మనుషుల గురించి రాయడనీ, ఇది మనిషికీ ఆకాశానికీ మధ్య సంభాషణనీ, ఇందులో నింద లేదు, ఎదురుచూపే ఉందనీ. బాగానే చెప్పాననుకున్నాను. మేస్త్రి మొహం వాడిపోయింది.

"అయితే తిట్టు కాదంటారు."

"కొందరు వెటకారం అన్నారులే," అన్నాను, ఎటు తిరగాలో తెలియక. "విని కూడా విననట్టున్నావని ఎత్తిపొడవడం అన్నమాట. పత్రికలో అలాగే రాశారు."

మొహంలో మళ్ళీ వెలుగొచ్చింది. "అదీ ఉండొచ్చంటారా? ఎత్తిపొడుపు?"

తమ్ముడు తనను తిట్టాడంటే సంతోషించే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఏమిటి సంగతి అని అడిగాను. అతను లేచి, గోడకు అరచెయ్యి ఆనించి, అలా నిలబడే చెప్పాడు.

"షాఫ్టులో అరిస్తే మాట ముద్దయిపోతుంది సార్. అందుకే ఇనుముతో మాట్లాడతాం. లిఫ్టు పెట్టె జారే ఇనప పట్టా ఉంటుంది కదా, అడుగున గోతిలోంచి మోటరు గది దాకా ఒకటే. పానాతో దాని మీద కొడతాం. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడైతే ఎత్తు. పైనున్నవాడు ఎన్ని విన్నాడో అన్నీ తిరిగి కొట్టాలి. కొట్టాకే బ్రేకు మీద చెయ్యి వెయ్యాలి."

"తిరిగి కొట్టకపోతే?"

"వినబడలేదని. కాసేపాగి మళ్ళీ కొట్టాలి."

"విన్నాడు గాని ఇప్పుడే దించలేడనుకో."

"అప్పుడు ఒకటి కొడతాడు. ఆగరా అని."

"విన్నాడు, ఊరికే కూర్చున్నాడు. అప్పుడు?"

మేస్త్రి నా వైపు తిరిగాడు. "మా పనిలో అది లేదు సార్. విని ఊరుకోవడం అన్నది లేదు. ఉంటే మేమెవ్వరం మిగలం."

తర్వాత చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. అతను చాలాసార్లు ఆగి చెప్పాడు, ఎక్కడెక్కడ ఆగాడో రాయడం నాకు చేతకాదు.

తల్లిదండ్రులు పోయేనాటికి చిన్నోడికి ఎనిమిదేళ్ళు, మేస్త్రికి ఇరవై ఆరు, కొత్తగా పెళ్ళయినవాడు. అన్నా వదినా పెంచారు. చదువబ్బలేదు గాని గిటారబ్బింది. ఇరవై మూడేళ్ళు వచ్చాక అన్న బలవంతం మీద పనిలో చేరాడు. మూడేళ్ళు చేశాడు. ఎప్పుడూ పెట్టె నెత్తి మీద నిలబడి చేసే పనే, పైన బ్రేకు దగ్గర మాత్రం అన్నే. చేతి నైపుణ్యం ఉంది, మనసు లేదు. ఒకరోజు పొద్దున్నే చెప్పాడు, సాయంత్రం నాలుగింటికి ఒక హాల్లో తన మొదటి ప్రదర్శన ఉందని, మూడింటికల్లా వెళ్ళిపోతానని.

"వెళ్ళు. ఇక రాకు," అన్నాడు అన్న.

"అలా అనకన్నా. రేపు ఆరింటికే వచ్చి మిగతాది చేసేస్తాను."

"పాటలతో కడుపు నిండితే వీధిలో రేడియోలన్నీ లావెక్కేవిరా."

చిన్నోడు నవ్వేశాడు. ఆ నవ్వే మంట పెట్టింది. ఆ భవనంలో రెండు లిఫ్టులు, రెండు మోటర్లూ ఒకే గదిలో. ఒకటి ఆపి పని చేస్తున్నారు, రెండోది తిరుగుతూనే ఉంది. రెండున్నరకు చిన్నోడు ఏడో అంతస్తు దగ్గర, ఏ తలుపూ అందని చోట, పెట్టె నెత్తి మీద పని ముగించి, పట్టా మీద రెండు కొట్టాడు. పైన అన్న బ్రేకు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తిరిగి కొట్టలేదు.

"మోటరు హోరులో చెవికి వినబడదు సార్. నిజమే. కానీ మేం చెవితో వినం. పట్టా మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంటాం, దెబ్బ చేతికి తెలుస్తుంది. వాడెప్పుడూ పైన కూర్చోలేదు, ఆ కిటుకు వాడికి తెలియదు." అరచెయ్యి గోడ మీంచి తీసి చూసుకున్నాడు. "ఏడుసార్లు కొట్టాడు. ఏడుసార్లూ ఈ చేతికి తగిలింది. నేను లెక్కపెట్టాను. ఎనిమిదోది కొడితే దించుదామనుకున్నాను. కొట్టలేదు."

నాలుగున్నరకు దించాడు. చిన్నోడు నూనె చేతులతో బయటికొచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "టైమెంతయిందన్నా?" అని మాత్రం అడిగాడు. అన్న చెప్పాడు. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు.

"పైన హోరులో వినబడలేదురా."

చిన్నోడు తలూపి, పానా డబ్బాలో పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పనికి రాలేదు, నెల తిరక్కుండా ఇల్లు కూడా మారాడు.

"వాడికి తెలిసిపోయిందనుకున్నాను సార్. తెలిసే వెళ్ళిపోయాడని. ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? తొమ్మిదేళ్ళు. ప్రతి ప్రదర్శనకీ ఇంటికి టిక్కెట్టు పంపేవాడు. అదీ ఎత్తిపొడుపే అనుకున్నాను. ఆస్పత్రిలో ఉన్నాడంటే ఆఖరి రోజు వెళ్ళాను. గొంతులో గొట్టం, మాట లేదు. నన్ను చూస్తూనే ఉన్నాడు. మంచం ఇనపదే సార్. పక్కన నిలబడ్డాను. రెండు దెబ్బలు కొట్టాలని నాకు గుర్తే రాలేదు."

ఇప్పుడు నాకు అర్థమైంది. పాటలో ఉన్నది అతను చెప్పిన అబద్ధమే, అక్షరం పొల్లు పోకుండా. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న, తమ్ముడు ఆ అబద్ధాన్ని నమ్మి రాశాడా, నమ్మక రాశాడా? నమ్మలేదంటే, ఎక్కడో ఒకచోట లెక్క తేలినట్టే. తిట్టాల్సినవాడు తిట్టాడు, పడాల్సినవాడు పడ్డాడు. మేస్త్రికి కావలసింది అదే.

"పత్రికవాళ్ళు అన్నట్టే ఉండొచ్చు," అన్నాను. అతని కోసం, పత్రిక చెప్పింది నేనూ నమ్మడానికి సిద్ధపడ్డాను.

ఆదివారం వాళ్ళింటికి పిలిచాడు. రెండు గదుల ఇల్లు, కిటికీ పక్కన కుట్టుమిషను. అతని భార్య నాకు కుర్చీ వేసి, చిన్నోడి గుర్తుగా దాచుకున్న కాగితాలు బయటపెట్టింది. వాటిలో పాత టిక్కెట్లున్నాయి, సగం చింపినవి.

మేస్త్రి వాటిని చూశాడు. "ఇవి చిరిగి ఉన్నాయేంటి?"

"వెళ్తేగా చిరిగేది," అంది ఆవిడ. "మీరు వెళ్ళరు. నేను వెళ్ళేదాన్ని. అన్నిటికీ కాదు, పగలు జరిగేవాటికి. చెల్లెలింటికని చెప్పి."

"నాకు చెప్పలేదే!"

"ఎలా చెప్పను? వాడి పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు. వాడేమో కనబడ్డప్పుడల్లా ఒకటే అడిగేవాడు. వదినా, అన్నకింకా కోపం తగ్గలేదా అని."

"కోపమా? నాకా?"

"పని మధ్యలో వదిలేసి వచ్చేశానని. అన్న ఒక్కడే అయిపోయాడని. ఆ పాట కట్టినప్పుడు కూడా చెప్పాడు. పైన మోటరు హోరులో అన్నకి వినబడలేదు వదినా, ఏడుసార్లు కొట్టాను, ఇంకోటి కొట్టేవాణ్ణే గాని పానా చేతిలోంచి జారి గోతిలో పడిపోయింది అన్నాడు. దించాక అన్న మొహం చూస్తే నాకే జాలేసింది, ఎంత కంగారుపడ్డాడో అన్నాడు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పైన అన్న ఉన్నాడులే అనుకుంటే ఆ చీకట్లో భయం వెయ్యలేదంట. అదే పాట చేశాడు. జనం దేవుడంటారు, ఏదో అంటారు. నాకు తెలిసింది ఇదీ."

మేస్త్రి చేతిలో ఉన్న నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. పెట్టిన చెయ్యి తియ్యలేదు. ఎందుకలా ఉన్నాడో ఆవిడకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. అతను చెప్పిన పని నియమం నేనూ మరిచాను, అతనూ మరిచాడు. వినబడలేదనుకున్నవాడే మళ్ళీ కొడతాడు. ఏడుసార్లు కొట్టినవాడు ఏడుసార్లూ అన్నను నమ్మినవాడు. పాటలో ఆ సంగతి మొదటి నుంచీ ఉంది. లోకంలో అది చదవగలిగిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ చెవులు మూసుకుని షాఫ్టులో కూర్చునేవాడు.

వీధి చివరి దాకా నన్ను సాగనంపాడు.

"తిట్టుంటే బాగుండేది సార్," అన్నాడు. "నామీద జాలిపడ్డాడంట. చూశారా, జాలి!" నా చెయ్యి పట్టుకుని, "మీరే ఏదో ఒకటి రాసివ్వండి. దేవుడని రాయండి. అదే చదివేస్తాను."

ఒకటిన్నర పేజీ రాసిచ్చాను. నా జీవితంలో అంత అందమైన అబద్ధం రాయలేదు.

సభ మధ్యాహ్నం మూడింటికి, ఒక పాత సినిమా హాల్లో. కుర్చీలన్నీ నిండి, గోడల పొడవునా నిలబడ్డారు. సగం మంది చొక్కాల మీద ఆ పాదమే. మేస్త్రి ఇస్త్రీ చొక్కాలో, భార్య పక్కన, ఉద్యోగానికి పరీక్ష రాయడానికొచ్చినవాడిలా కూర్చున్నాడు. పేరు పిలిచారు. ఎక్కాడు. బృందంలో డ్రమ్ములు వాయించే బట్టతలాయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, వేదిక మధ్యలో చిన్న బల్ల మీద పెట్టిన ఇనప ముక్క దగ్గరికి తీసుకెళ్ళాడు.

"దీని మీదేనన్నా మేం కొట్టేది. ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఎప్పుడూ చెప్పలేదు."

మూరెడు పొడవు ఇనప పట్టా. ఆ రెండు లిఫ్టుల భవనంలో పాత పట్టాలు మార్చినప్పుడు మేస్త్రే కోసి బయట పడేసిన సామానులోది అది. ఒక అంచున తన పేరు పొడి అక్షరాలు గీసి ఉన్నాయని తర్వాత నాకు చెప్పాడు.

కాగితం జేబులోంచి తీశాడు. విప్పాడు. మైకులో అతని ఊపిరి హాలంతా వినబడింది. కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పట్టా మీద అరచెయ్యి ఆనించాడు, భవనాల గోడలకు ఆనించినట్టే. పక్కన బల్ల మీదున్న పానా అందుకుని రెండు కొట్టాడు.

హాలు హోరెత్తిపోయింది. పాట మొదలవుతోందనుకున్నారు జనం. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాడు. తగ్గాక మళ్ళీ రెండు. ఏడుసార్లు అలా కొట్టాడు. నాలుగోసారి నుంచి చప్పట్లు ఆగిపోయాయి. ఏడోదయ్యాక పానా కింద పెట్టి, మైకు దగ్గరికి వంగి ఒకే ఒక్క మాట అన్నాడు.

"వినబడింది."

దిగివస్తుంటే జనం లేచి నిలబడ్డారు. కొందరు ఏడుస్తున్నారు. కాలేజీ పిల్లొకతె అతని కాళ్ళకు దండం పెట్టబోతే బెదిరిపోయి పక్కకు తప్పుకున్నాడు. పన్నెండు వందల మంది ముందు నేరం ఒప్పుకున్నాడు మనిషి. ఒక్కరికీ అర్థం కాలేదు. ఒక్క మనిషికి తప్ప. అతని భార్య కుర్చీలోంచి లేవలేదు. అతని వంక అదోలా చూసింది, కొత్తవాణ్ణి చూసినట్టు.

మరుసటి వారం పత్రికలో వచ్చింది, అన్నగారి గొంతులో దేవుడు జవాబిచ్చాడని. జిరాక్సు దుకాణంవాడు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, ముందు రెండు గీతలు, వెనక 'వినబడింది'. మేస్త్రి పొద్దున్నే దాన్ని చూస్తూ లోపలికొచ్చేవాడు. పాట వస్తే షాఫ్టులోకి వెళ్ళడం మానేశాడు. వింటూ పని చేసేవాడు, నెమ్మదిగా, బోల్టులు రెండోసారి బిగిస్తూ.

నేను ఊరు మారేరోజున పుస్తకాల పెట్టెలు లిఫ్టులోకి చేర్చి అడిగాను. "ఆవిడతో మాట్లాడావా?"

"అంతా చెప్పేశాను సార్. ఏమీ అనలేదు. నాలుగు రోజులు డబ్బా కట్టలేదు. అయిదో రోజు కట్టింది." గోడ మీద చెయ్యి పెట్టి ముసలి లిఫ్టు సంగతి చూసుకున్నాడు. "బరువెక్కువైంది. మోటరు మీద నమ్మకం లేదు, నేను పైనుండి చేత్తో దించుతాను. అందులోనే ఉండండి. కంగారుపడకండి."

తలుపు మూసుకుంది. మోటరు ఆగిన నిశ్శబ్దం. అతను మెట్లెక్కి పైకి చేరేదాకా ఆగి, తాళంచెవితో తలుపు ఇనుము మీద రెండు కొట్టాను.

ఊపిరి తీసుకునేలోగా పైనుంచి రెండు దెబ్బలు వచ్చాయి. ఆ తర్వాతే పెట్టె కదిలింది.